వాట్సాప్‌లో డార్క్ మోడ్ ఎలా ఆన్ చేయాలి? బ్యాటరీ, కళ్ల సంగతిలో నిజమెంత? ఈ లింకులతో మాత్రం జాగ్రత్త!

రాత్రి లైట్లు ఆపేశాక వాట్సాప్ తెరిస్తే ఆ తెల్లటి స్క్రీన్ కళ్లలోకి టార్చిలైట్ కొట్టినట్టే ఉంటుంది. పక్కన పడుకున్నవాళ్లు కూడా విసుక్కుంటారు. దీనికి పరిష్కారం మీ ఫోన్‌లోనే ఉంది. అదే డార్క్ మోడ్. తెల్లటి బ్యాక్‌గ్రౌండ్ మీద నల్లటి అక్షరాలకు బదులు, ముదురు రంగు మీద లేత రంగు అక్షరాలు కనిపిస్తాయి. ఆన్ చేయడానికి అర నిమిషం చాలు. రూపాయి ఖర్చు లేదు. కొత్తగా ఏ యాప్ దించుకోనక్కర్లేదు, ఏ లింకూ నొక్కనక్కర్లేదు.

ఈ చివరి మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి. వాట్సాప్ రంగు మారుస్తామంటూ తిరిగే లింకులు నొక్కితే పోయేది ఫోన్ ఒక్కటే కాదు, బ్యాంకు ఖాతాలో డబ్బు కూడా. ఆ సంగతి కింద వివరంగా చూద్దాం. ముందు అసలు పని కానిద్దాం.

ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఇలా..

వాట్సాప్ తెరిచి, పైన కుడివైపు మూలన ఉన్న మూడు చుక్కలు నొక్కండి. 'సెట్టింగ్స్'లోకి వెళ్లి 'చాట్స్' ఎంచుకోండి. అక్కడ పైనే 'థీమ్' అని ఉంటుంది. దాన్ని నొక్కితే 'సిస్టమ్ డిఫాల్ట్', 'లైట్', 'డార్క్' అని మూడు కనిపిస్తాయి. 'డార్క్' ఎంచుకుని 'ఓకే' కొట్టండి. అంతే, ఆ క్షణమే స్క్రీన్ మారిపోతుంది. చాట్‌లు, ఫొటోలు, బ్యాకప్ ఎక్కడికీ పోవు. నచ్చకపోతే అదే దారిలో వెళ్లి 'లైట్' పెట్టుకోవచ్చు.

వాట్సాప్‌ను తెలుగు మెనూలతో వాడుతున్నా దారి ఇదే. పేర్లు తెలుగులో ఉంటాయి, ఆప్షన్ల చోటు మాత్రం మారదు.

మరి 'సిస్టమ్ డిఫాల్ట్' అంటే ఏంటి? ఫోన్ ఏ మోడ్‌లో ఉంటే వాట్సాప్ కూడా అదే మోడ్‌లోకి వెళ్తుందని అర్థం. మొత్తం ఫోన్‌కు డార్క్ మోడ్ పెట్టుకునే సౌకర్యం 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10తో అందరికీ అందుబాటులోకి వచ్చింది. మీ ఫోన్ అంతకంటే పాతదైతే కంగారేం లేదు, వాట్సాప్ లోపలి 'థీమ్' ఆప్షన్ దానిలోనూ పనిచేస్తుంది.

ఫోన్ మొత్తానికి పెట్టాలంటే ఫోన్ 'సెట్టింగ్స్'లో 'డిస్‌ప్లే' తెరవండి. శాంసంగ్‌లో 'లైట్', 'డార్క్' అని రెండు బొమ్మలు పైనే కనిపిస్తాయి. రెడ్‌మీ, రియల్‌మీ, ఒప్పో, వివో, వన్‌ప్లస్‌లో 'డిస్‌ప్లే అండ్ బ్రైట్‌నెస్' లాంటి పేరు కింద 'డార్క్ మోడ్' ఉంటుంది. గూగుల్ పిక్సెల్‌లో దీని పేరు 'డార్క్ థీమ్'. వెతికే ఓపిక లేకపోతే స్క్రీన్ పైనుంచి కిందికి రెండుసార్లు లాగండి. వైఫై, టార్చ్ ఉండే ఆ ప్యానెల్‌లోనే డార్క్ మోడ్ బటన్ కూడా ఉంటుంది. అక్కడ లేకపోతే ప్యానెల్‌ను ఎడిట్ చేసి తెచ్చిపెట్టుకోవచ్చు.

ఒక్కసారి టైమ్ సెట్ చేసి వదిలేయడం అన్నిటికంటే మంచిది. చాలా ఫోన్లలో డార్క్ మోడ్ పక్కనే 'షెడ్యూల్' ఉంటుంది. సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం దాకా అని పెడితే పగలు తెల్లగా, రాత్రి నల్లగా దానంతటదే మారుతుంది. వాట్సాప్ థీమ్ 'సిస్టమ్ డిఫాల్ట్'లో ఉంటేనే ఈ షెడ్యూల్ దానికీ వర్తిస్తుంది. లోపల 'డార్క్' అని పెట్టేస్తే మిట్టమధ్యాహ్నం ఎండలో కూడా నల్లగానే ఉంటుంది. చాలామంది పొరబడేది ఇక్కడే.

ఐఫోన్‌లో..

ఐఫోన్‌లో వాట్సాప్ మామూలుగా ఫోన్ సెట్టింగ్‌నే అనుసరిస్తుంది. ఫోన్ 'సెట్టింగ్స్'లో 'డిస్‌ప్లే అండ్ బ్రైట్‌నెస్' తెరిచి 'డార్క్' ఎంచుకోండి. కింద 'ఆటోమేటిక్' ఆన్ చేస్తే షెడ్యూల్ కూడా పెట్టుకోవచ్చు. కంట్రోల్ సెంటర్‌లో బ్రైట్‌నెస్ గీతను నొక్కి పట్టుకుంటే అక్కడా డార్క్ మోడ్ బటన్ వస్తుంది. ఇది పనిచేయాలంటే ఐఓఎస్ 13 లేదా ఆ తర్వాతి వెర్షన్ ఉండాలి.

కంప్యూటర్‌లో వాట్సాప్ వెబ్ వాడేవారికి 'సెట్టింగ్స్'లో 'థీమ్' విడిగా ఉంటుంది. ఫోన్‌లో మార్చినంత మాత్రాన కంప్యూటర్‌లో మారదు.

'నేనేం చేయలేదు.. నల్లగా అయిపోయింది!'

ఇంట్లో పెద్దవాళ్ల నుంచి తరచూ వినిపించే ఫిర్యాదు ఇది. ఫోన్ పాడైందేమో, వైరస్ వచ్చిందేమో అని భయపడతారు. సాధారణంగా కారణం చాలా చిన్నది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో బ్యాటరీ సేవర్ ఆన్ అయితే డార్క్ మోడ్ కూడా దానితోపాటే ఆన్ అవుతుంది. ఛార్జింగ్ తగ్గినప్పుడు బ్యాటరీ సేవర్ దానంతటదే ఆన్ అయ్యేలా పెట్టి ఉంటే, సాయంత్రానికి వాట్సాప్ నల్లబడుతుంది. ఛార్జింగ్ పెట్టి బ్యాటరీ సేవర్ ఆపేస్తే మళ్లీ తెల్లగా వస్తుంది. అలా మారడమే వద్దనుకుంటే వాట్సాప్ థీమ్‌లో 'లైట్' ఎంచుకోండి.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది. కొన్ని కంపెనీల ఫోన్లు డార్క్ మోడ్ లేని యాప్‌లను కూడా బలవంతంగా నల్లగా మార్చేస్తాయి. అప్పుడు కొన్ని అక్షరాలు బ్యాక్‌గ్రౌండ్‌లో కలిసిపోతాయి, ఐకాన్ల రంగులు తేడాగా కనిపిస్తాయి. రెడ్‌మీ, పోకో లాంటి షియోమీ ఫోన్లలో డార్క్ మోడ్ ఆప్షన్లలో ఒక్కో యాప్‌కు విడివిడిగా ఆన్, ఆఫ్ ఉంటుంది. ఇబ్బంది పెడుతున్న యాప్‌ను అక్కడ ఆఫ్ చేస్తే సరిపోతుంది.

చాట్ వెనక దేవుడి ఫొటోనో, పిల్లల ఫొటోనో వాల్‌పేపర్‌గా పెట్టుకున్నారా? డార్క్ మోడ్‌లో అది మసకగా కనిపిస్తే తప్పు ఫొటోది కాదు. అక్షరాలు స్పష్టంగా కనిపించాలని వాట్సాప్ వాల్‌పేపర్ వెలుగు తగ్గిస్తుంది. డార్క్ మోడ్‌లో ఉండగా వాల్‌పేపర్ సెట్టింగ్‌లోకి వెళ్తే ఎంత తగ్గాలో జరుపుకునే గీత కనిపిస్తుంది.

మిగతా యాప్‌ల సంగతి

ఫేస్‌బుక్‌లో మెనూ తెరిచి 'సెట్టింగ్స్ అండ్ ప్రైవసీ'లోకి వెళ్తే 'డార్క్ మోడ్' ఉంటుంది. యూట్యూబ్‌లో 'సెట్టింగ్స్', 'జనరల్', 'అప్పియరెన్స్'. ఎక్స్‌లో 'సెట్టింగ్స్ అండ్ ప్రైవసీ'లోని 'యాక్సెసిబిలిటీ, డిస్‌ప్లే అండ్ లాంగ్వేజెస్' కింద 'డిస్‌ప్లే'. టెలిగ్రామ్‌లో 'చాట్ సెట్టింగ్స్'. ఇన్‌స్టాగ్రామ్‌కు విడిగా కష్టపడక్కర్లేదు, ఫోన్‌లో డార్క్ పెడితే అదీ మారుతుంది.

బ్యాటరీ నిజంగా ఆదా అవుతుందా?

ఇది మీ ఫోన్ స్క్రీన్ మీద ఆధారపడి ఉంటుంది. ఫోన్ స్క్రీన్లు ముఖ్యంగా రెండు రకాలు. ఎల్‌సీడీ స్క్రీన్‌లో వెనకాల ఒక లైట్ ఎప్పుడూ వెలుగుతూ ఉంటుంది. నల్ల రంగు చూపించాలన్నా ఆ లైట్ ఆరదు, ముందున్న పొర దాన్ని అడ్డుకుంటుందంతే. కిటికీకి కర్టెన్ వేస్తే బయట ఎండ తగ్గదు కదా, ఇదీ అంతే. కాబట్టి ఎల్‌సీడీ ఫోన్‌లో డార్క్ మోడ్ పెడితే బ్యాటరీ ఆదా దాదాపు ఏమీ ఉండదు.

ఓఎల్‌ఈడీ లేదా అమోలెడ్ స్క్రీన్ వేరు. అందులో ప్రతి చుక్కా తనంతట తానే వెలుగుతుంది. పూర్తి నలుపు ఉన్న చోట ఆ చుక్క ఆరిపోతుంది, ముదురు రంగు ఉన్న చోట తక్కువగా వెలుగుతుంది. ఆదా అయ్యేది ఇక్కడ.

మీది ఏ రకమో తెలుసుకోవాలంటే ఫోన్ బాక్స్ మీద డిస్‌ప్లే వివరాలు చూడండి. అమోలెడ్, సూపర్ అమోలెడ్, ఓఎల్‌ఈడీ అని ఉంటే ఒక రకం. ఐపీఎస్, టీఎఫ్‌టీ, ఎల్‌సీడీ అని ఉంటే ఇంకో రకం. తక్కువ ధర ఫోన్లలో ఎల్‌సీడీ ఎక్కువగా కనిపిస్తుంది. ఐఫోన్లలో 12 సిరీస్ నుంచి ప్రధాన మోడళ్లన్నీ ఓఎల్‌ఈడీ. ఐఫోన్ 11, ఎక్స్‌ఆర్ మాత్రం ఎల్‌సీడీ.

అమోలెడ్ ఉన్నా ఎంత ఆదా? అమెరికాలోని పర్డ్యూ యూనివర్సిటీ పరిశోధకులు 2021లో దీన్ని లెక్కగట్టారు. పిక్సెల్, మోటో ఫోన్లలో యూట్యూబ్, గూగుల్ మ్యాప్స్, క్యాలెండర్, క్యాలిక్యులేటర్ లాంటి ఆరు యాప్‌లను పరీక్షించారు. బ్రైట్‌నెస్ 100 శాతం పెట్టినప్పుడు డార్క్ మోడ్ వల్ల సగటున 39 నుంచి 47 శాతం పవర్ ఆదా అయింది. వినడానికి బ్రహ్మాండంగా ఉంది. కానీ ఇంట్లో, ఆఫీసులో బ్రైట్‌నెస్ 100 శాతం పెట్టుకుని ఎవరు చూస్తారు? మామూలుగా ఉండే 30 నుంచి 50 శాతం బ్రైట్‌నెస్‌లో ఆదా సగటున 3 నుంచి 9 శాతమే. అంటే రోజుకు ఒకసారి ఛార్జింగ్ పెట్టేవాళ్లు డార్క్ మోడ్ వల్ల రెండు రోజులకోసారి పెట్టే పరిస్థితి రాదు.

అదే పరిశోధనలో ఇంకో ముఖ్యమైన విషయం తేలింది. కొన్ని యాప్‌లలో 20 శాతం బ్రైట్‌నెస్‌తో లైట్ మోడ్, 50 శాతం బ్రైట్‌నెస్‌తో డార్క్ మోడ్ దాదాపు ఒకే పవర్ వాడాయి. డార్క్ మోడ్ పెట్టి, అక్షరాలు సరిగా కనిపించడం లేదని బ్రైట్‌నెస్ పెంచేస్తే ఆదా అయింది అక్కడికక్కడే చెల్లు.

వీడియోలు చూసేవాళ్లకు ఇంకో మాట. డార్క్ మోడ్ యాప్ మెనూలను, చాట్‌లను, కామెంట్లను నల్లగా మారుస్తుంది. వీడియోను మార్చదు. క్రికెట్ మ్యాచ్ పచ్చటి గ్రౌండ్‌తోనే వస్తుంది, న్యూస్ స్టూడియో లైట్లు అలాగే ఉంటాయి. ఫుల్ స్క్రీన్‌లో రీల్స్, షార్ట్స్, సినిమా చూస్తున్నంతసేపూ మీ ఫోన్ ఏ మోడ్‌లో ఉన్నా పెద్ద తేడా లేదు. రోజులో ఎక్కువ టైమ్ వీడియోలకే పోతుంటే, బ్యాటరీ కోసం ముట్టుకోవాల్సింది బ్రైట్‌నెస్‌నే.

కళ్లకు మంచిదా?

చీకటి గదిలో హాయిగా ఉంటుంది, అది నిజం. చుట్టూ చీకటి, మధ్యలో తెల్లటి స్క్రీన్ ఉంటే ఆ తేడా కంటికి ఇబ్బందే. వాట్సాప్ కూడా ఈ ఆలోచనతోనే పూర్తి నలుపు, పూర్తి తెలుపు కలిపి వాడకుండా ముదురు బూడిద మీద కాస్త తగ్గించిన తెలుపు తీసుకుంది.

కానీ చదవడం అనే పని దగ్గరికొస్తే లెక్క మారుతుంది. 2013లో జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్ పరిశోధకులు యువకులను, వయసు పైబడినవారిని పరీక్షిస్తే తెల్లటి బ్యాక్‌గ్రౌండ్ మీద నల్లటి అక్షరాలే ఇద్దరికీ బాగా కనిపించాయి. వెలుతురు ఎక్కువుంటే కంటిపాప చిన్నదవుతుంది, అక్షరం పదునుగా కనిపిస్తుంది. స్క్రీన్ నల్లగా ఉంటే కంటిపాప పెద్దదవుతుంది, అక్షరం అంచులు కాస్త పాకినట్టు ఉంటాయి. ఆస్టిగ్మాటిజం ఉండి కళ్లద్దాలు వాడేవారిలో కొందరికి ఇది ఇంకా ఎక్కువ. అక్షరాల చుట్టూ వెలుగు చిమ్మినట్టు అనిపిస్తుంది.

తెలుగులో మెసేజ్‌లు చదివేవారు ఈ సంగతి ప్రత్యేకంగా పట్టించుకోవాలి. మన లిపిలో ఒత్తులు, గుడులు, సున్నాలు చిన్నచిన్నవి. చిన్న సైజులో, నల్లటి స్క్రీన్ మీద అవి ఒకదానిలో ఒకటి కలిసిపోయినట్టు కనిపిస్తే బ్రైట్‌నెస్ పెంచకండి, అక్షరం పెంచండి. ఆండ్రాయిడ్ వాట్సాప్‌లో 'సెట్టింగ్స్', 'చాట్స్', 'ఫాంట్ సైజ్'లోకి వెళ్లి 'లార్జ్' పెడితే తేడా తెలుస్తుంది. ఎండలో నిలబడి చూసేటప్పుడు మాత్రం లైట్ మోడే మేలు. నల్లటి స్క్రీన్ మీద మన ముఖం, వెనకున్న ఆకాశం తప్ప ఏమీ కనిపించవు.

కంట్లో శుక్లం ఉన్నవారిలో కొందరికి ఇది తిరగబడుతుంది. తెల్లటి వెలుగు కంట్లో చెదిరిపోతుంది కాబట్టి నల్లటి బ్యాక్‌గ్రౌండే సుఖంగా ఉంటుంది. అందుకే పెద్దవాళ్ల ఫోన్‌లో ఏది పెట్టాలో మీరు నిర్ణయించేయకండి. రెండూ చూపించి, ఏది బాగుందో వాళ్లనే అడగండి.

ఇక కళ్ల మంటలు, పొడిబారడం అంటారా.. వాటికి ముఖ్య కారణం స్క్రీన్ చూస్తూ రెప్పలు వేయడం మర్చిపోవడం. రంగు మార్చితే అది తగ్గదు. 20 నిమిషాలకోసారి 20 అడుగుల దూరంలో ఉన్నదాన్ని 20 సెకన్లు చూడమని కంటి డాక్టర్లు చెప్పే సూత్రం డార్క్ మోడ్‌లోనూ అవసరమే. నిద్ర కోసం స్క్రీన్‌ను పసుపు రంగులోకి మార్చే 'నైట్ లైట్', 'ఐ కంఫర్ట్' కూడా డార్క్ మోడ్ కాదు. అది వేరే సెట్టింగ్. రెండూ కలిపి పెట్టుకోవచ్చు. అయితే రాత్రి ఒంటిగంట దాకా రీల్స్ చూస్తే ఏ రంగైనా నిద్ర తెప్పించదు.

'కొత్త రంగు వాట్సాప్' లింక్ వచ్చిందా?

అసలు జాగ్రత్తపడాల్సింది ఇక్కడ. వాట్సాప్‌కు డార్క్ మోడ్ ఆలస్యంగా వచ్చింది. ట్విట్టర్ 2016లోనే నైట్ మోడ్ తెచ్చింది. ఫేస్‌బుక్ మెసెంజర్‌లో 2019 మార్చిలో చాటుగా వచ్చింది. ఎవరికైనా నెలవంక ఎమోజీ పంపితే ఆప్షన్ తెరుచుకునేది. వాట్సాప్ మాత్రం 2020 మార్చి 3న అందరికీ ఇస్తున్నట్టు ప్రకటించింది. అప్పటిదాకా ఆగలేనివాళ్లు జీబీ వాట్సాప్, వాట్సాప్ ప్లస్ లాంటి అనధికార యాప్‌లు దించుకున్నారు. అవి వాట్సాప్ సంస్థ చేసినవి కావు. 2019లో అలాంటి యాప్‌లు వాడుతున్నవారి ఖాతాలను వాట్సాప్ తాత్కాలికంగా నిలిపేసింది కూడా.

రంగు మీద జనానికున్న మోజును మోసగాళ్లు బాగా పట్టుకున్నారు. 2021లో 'పింక్ వాట్సాప్' పేరుతో లింకులు దేశమంతా గ్రూపుల్లో తిరిగాయి. 2023 జూన్‌లో మళ్లీ తిరిగితే ముంబై పోలీసులు హెచ్చరిక జారీ చేశారు. లింక్ నొక్కితే వచ్చేది గులాబీ రంగు కాదు, ఫోన్‌ను ఆక్రమించే మాల్‌వేర్. తెలుగు రాష్ట్రాల్లో ఇదే ఎత్తు పీఎం కిసాన్, ట్రాఫిక్ చలాన్ల పేరుతో నడుస్తోంది. పేరు ఏదైనా పద్ధతి ఒకటే, ఏపీకే ఫైల్ పంపడం.

ఏపీకే అంటే ఆండ్రాయిడ్‌లో యాప్‌ను ఇన్‌స్టాల్ చేసే ఫైల్. ప్లే స్టోర్ తనిఖీ లేకుండా నేరుగా ఫోన్‌లోకి వస్తుంది. ఇన్‌స్టాల్ అయ్యాక మెసేజ్‌లు, కాంటాక్టులు, నోటిఫికేషన్లు చూసే అనుమతి అడుగుతుంది. రంగు మారాలనే తొందరలో అన్నిటికీ 'అలౌ' కొట్టేస్తే, ఇక బ్యాంకు ఓటీపీ మీకంటే ముందు వాళ్లకే తెలుస్తుంది. ఆ తర్వాత అదే ఫైల్ మీ పేరుతో మీ గ్రూపులన్నిటికీ వెళ్తుంది. 'మామయ్యే కదా పంపింది, తప్పుడుది ఎందుకవుతుంది?' అని నమ్మడం ఇక్కడ పనికిరాదు. పంపింది మామయ్య కాదు, మామయ్య ఫోన్‌లో దూరిన ఫైల్.

గుర్తుపట్టడం తేలిక. పైన చెప్పిన డార్క్ మోడ్ దారిలో ఎక్కడా లింక్ లేదు, ఫైల్ లేదు, ఓటీపీ లేదు, అనుమతి అడగడం లేదు. వీటిలో ఏ ఒక్కటి అడిగినా అది డార్క్ మోడ్ కాదు. మీ వాట్సాప్‌లో 'థీమ్' కనిపించకపోతే ప్లే స్టోర్ లేదా యాప్ స్టోర్ నుంచే అప్‌డేట్ చేయండి.

పొరపాటున అలాంటి ఫైల్ ఇన్‌స్టాల్ చేసేశారా? వెంటనే మొబైల్ డేటా, వైఫై ఆపేయండి. ఇంకో ఫోన్ నుంచి బ్యాంకుకు కాల్ చేసి ఖాతా, కార్డు, యూపీఐ నిలిపేయమనండి. డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. ఇది జాతీయ సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్. ఎంత త్వరగా చెబితే డబ్బు మధ్యలోనే ఆపే అవకాశం అంత ఎక్కువ. తర్వాత ఆ యాప్‌ను తీసేసి, వాట్సాప్ 'లింక్డ్ డివైజెస్'లో మీవి కాని పరికరాలు ఉంటే లాగౌట్ చేయండి. యాప్ తీసేసినా ఫోన్ తేడాగా ఉంటే ఫొటోలు, కాంటాక్టులు భద్రం చేసుకుని ఫ్యాక్టరీ రీసెట్ చేయించండి.

ముందుజాగ్రత్తగా ఒక్క సెట్టింగ్ చూసుకోండి. ఫోన్ 'సెట్టింగ్స్' పైన ఉండే సెర్చ్‌లో 'ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్' అని వెతకండి. వచ్చిన జాబితాలో వాట్సాప్, క్రోమ్, ఫైల్ మేనేజర్ ఎదురుగా 'నాట్ అలౌడ్' అని ఉండాలి. 'అలౌడ్' ఉంటే ఆఫ్ చేసేయండి. అమ్మకో నాన్నకో డార్క్ మోడ్ పెట్టి ఇచ్చేటప్పుడు వాళ్ల ఫోన్‌లో దీన్ని కూడా అప్పుడే చూసేయండి. రెండు నిమిషాల పని.